పదమూడు డిగ్రీల గది

శుక్రవారం ఉదయం ఏడింటికి రఘుపతి గదిలో పదమూడు డిగ్రీలు. వారం కిందట అదే వేళకు ఏడు. ఏసీ పనికి వాడే థర్మామీటర్‌ను రెండుసార్లు చూసుకొని గాని అతను బూట్లు వేసుకోలేదు.

ముప్పై ఆరేళ్ల రఘుపతిది జగిత్యాల దగ్గరి ఊరు. పదకొండేళ్లుగా ఒమాన్‌లో ఏసీలు బిగిస్తున్నాడు. గదిని వేడి చేయాల్సిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు. ఈ డిసెంబరులో కంపెనీ జబల్ అఖ్దర్ కొండ మీది హోటల్ సైట్‌కు పంపింది. ఉండేది రేకుల క్యాబిన్. హీటర్ పెడితే క్యాంపంతా కరెంటు పోతుంది కాబట్టి నిషేధం.

కుదురుగా కూర్చునే మనిషి కాదతను. కొండ కింద నిజ్వాలో శుక్రవారం ఒకటి కొంటే ఒకటి ఉచితంగా ఇచ్చే పిజ్జా షాపుంది. పోయిన శుక్రవారం అక్కడ తిన్నవాళ్లు వదిలేసిన అట్టపెట్టెలు అడిగి తెచ్చాడు. కిటికీ ఏసీ చుట్టూ, రేకుల అతుకుల మీద పరిచి వెండిరంగు టేపు అంటించాడు. తలుపు అడుగున రబ్బరు పట్టీ కొట్టాడు.

అదే గదిలో ఉండే పెద్దులు యాభై ఆరేళ్ల టైల్స్ మేస్త్రి. ఈ శుక్రవారం అతనికి జ్వరం.

“నడువు కాకా, వేడివేడి పిజ్జా తింటే సలి పోతది.”

“ఆ సాగే రొట్టె నాకెందుకురా. నువ్వు తిను. అట్టలు తే.”

మధ్యాహ్నం షాపులో మొదటి పిజ్జా సగమైంది. ఎదురుగా పికప్ డ్రైవర్ అక్బర్, నిజామాబాద్ మనిషి.

“కాకాకు పొద్దుగాల సంచెడు బొగ్గులిచ్చిన,” అన్నాడు అక్బర్. “నూనె డబ్బాల ఏసుకొని కాళ్లు కాపుకుంటడట.”

రఘుపతి నమలడం ఆపాడు. పిజ్జా పొయ్యి మీది నుంచి లావుపాటి గొట్టం గోడ దాటి బయటికి పోతోంది. మొన్నటిదాకా వాళ్ల గదిలో పొగ పోవడానికి సందులు ఉండేవి. అన్నీ తనే మూశాడు.

ఫోన్ చేశాడు. మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. క్యాంపులో మిగతావాళ్లంతా సరుకులకు కిందికి దిగారు.

“లే భాయ్. బండి తియ్యి.”

“రెండోది ఇంక రాలె. ఫ్రీది ఇడిసి లేసెటోన్ని నిన్నే చూస్తున్న.”

“కాకా ఫోన్ ఎత్తుతలేడు. గదిల గాలి సొరబడే సందు లేదు.”

అక్బర్ తాళాలు తీసుకున్నాడు.

చెక్‌పోస్టు దగ్గర మూడు బండ్లు ఆగి ఉన్నాయి. ఘాట్ ఎక్కుతుంటే నీళ్ల ట్యాంకర్ అడ్డం. రఘుపతి అద్దం దించాడు, ఎత్తాడు, మళ్లీ దించాడు. ప్రతి మలుపులో ఫోన్ చేశాడు.

“జర ఆగు భాయ్, రెక్కలున్నయా నాకు,” అన్నాడు అక్బర్.

గదికి చేరాక రబ్బరు పట్టీ గట్టిగా పట్టి తలుపు ఓ పట్టాన తెరుచుకోలేదు. భుజంతో నెట్టాడు. డబ్బాలో బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. పెద్దులు మంచం పక్కన వాంతి చేసుకొని పడి ఉన్నాడు. పిలిస్తే ఏదో గొణిగాడు. ఇద్దరూ కలిసి కంకర మీదికి లాక్కొచ్చారు.

కొండ మీది ఆరోగ్య కేంద్రంలో ఆక్సిజన్ పెట్టారు. మూడు గంటల తర్వాత మాట తేటపడింది.

“నీ అట్టలు మస్తు పనిజేసినయ్‌రా,” అన్నాడు పెద్దులు. “సలి పోయింది. దాంతోటి నేను గూడ పోతుంటి.”

రఘుపతి గదికి వచ్చి బొగ్గుల మీద నీళ్లు పోశాడు. ఏసీ పైన ఒక అట్ట, తలుపు కింది పట్టీ కోసి తీశాడు.

శనివారం ఉదయం ఏడింటికి గదిలో ఎనిమిది డిగ్రీలు.