బుల్లెట్‌కు పెట్టని ముద్ద

కళ్యాణదుర్గం దగ్గర ఓ చిన్న ఊళ్ళో బడిపిల్లలకు మధ్యాహ్నం వంట చేసే రామాంజినమ్మకు ఒక పట్టుదల ఉంది. గిన్నె ముందు నిలబడ్డవాళ్ళతో ‘అయిపోయింది’ అని చచ్చినా చెప్పదు. రెండోసారి వచ్చినవాడికీ పెడుతుంది. మూడోసారి వచ్చినవాడికి చెవి మెలిపెట్టి మరీ పెడుతుంది. మరీ కరువొస్తే అడుగంటిన మాడును గీకి, దానికింత పప్పు కలిపి, అదేదో వాడికోసమే ప్రత్యేకంగా చేసినట్టు ముఖం పెట్టి వడ్డిస్తుంది. పెద్ద టీచరు ఉమాదేవి కొత్తగా వచ్చిన రోజుల్లో, కొలత ప్రకారం పెట్టాలమ్మా అని చెప్పి చూసింది. “పెడ్తాండా గదమ్మా, పిల్లోళ్ళ కడుపు కొలతే” అంది రామాంజినమ్మ. టీచరు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఈ పట్టుదల ఊరికే వచ్చింది కాదు. ఆమె చిన్నతనంలో ఓ కరువు ఏడాది ఊరి బయట గంజి పోసేవారు. ఒక రోజు అమ్మ కొంగు పట్టుకుని, సత్తుగిన్నె చంకలో పెట్టుకుని, ఎండలో వరసలో నిలబడింది. తీరా తమ వంతు వచ్చేసరికి గంజి పోసే మనిషి గరిటెను గుండిగ అంచుకు టంగుమని కొట్టి “అయిపోయినాది, పోండి” అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. నిజంగానే అయిపోయింది. గుండిగ అడుగు ఆమెకూ కనబడింది. ఆనాటి ఆకలిని ఆమె ఎప్పుడో మరిచిపోయింది గానీ ఆ గరిటె చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలోంచి పోలేదు.

అట్లాంటి మనిషికి బుల్లెట్ దొరికింది. ఆమే దానికి దొరికిందన్నా తప్పులేదు.

ఊరి పక్క కొండమీద గాలిమరలు నిలబెట్టే పనికి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి, పని కాగానే రేకుల షెడ్డు విప్పుకుని వెళ్ళిపోయారు. మేకులు కూడా ఏరుకుని పోయారు గానీ, గుంజకు కట్టేసిన కుక్కను మాత్రం వదిలేశారు. మరిచిపోయారో, వద్దనుకున్నారో వాళ్ళకే తెలియాలి. కట్టెలకు వెళ్ళిన రామాంజినమ్మ దాన్ని చూసేసరికి డొక్కలు లోపలికి పోయి, తాడు మెడలోకి కోసుకుపోయి ఉంది. సీసాలో తను తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు దోసిట్లో పోస్తే చివరి చుక్కదాకా నాకి, ఆమె అరచేతిని కూడా నాకింది. తాడు విప్పి ఇంటికి తోలుకొచ్చింది. నాలుగు రోజులు తిండిపెట్టి, తేరుకున్నాక ఎవరికైనా ఇచ్చేద్దాంలే అనుకుంది. ఎవరైనా మొదట అట్లాగే అనుకుంటారు.

అది తేరుకుంది. తేరుకున్నాక గానీ అది ఎట్లాంటి కుక్కో ఎవరికీ అర్థం కాలేదు. నేలమీద నడవడం దానికి చేతకాదు. పరుగు, లేకపోతే ఎగురుడు. దండెం మీది చీరను లాక్కుని ఊరంతా ఊరేగింది. పక్కింటి కోళ్ళను గడ్డివామి ఎక్కించి దిగనివ్వలేదు. పొద్దున వచ్చే బస్సును మలుపుదాకా తరిమి, దాన్ని తానే సాగనంపినట్టు తలెత్తుకుని తిరిగొచ్చేది. బుల్లెట్ అని బడిపిల్లలే పేరు పెట్టారు. రామాంజినమ్మ భర్త పోయి చాలా ఏళ్ళయింది, కూతురు చౌడేశ్వరి ధర్మవరంలో కాపురముంది. అడుగుల చప్పుడే లేని ఇంట్లో ఒక్కసారిగా ఇంత అల్లరి వచ్చి పడేసరికి ఆమె పైకి తిట్టింది గానీ, లోపల మురిసిపోయింది.

కళ్యాణదుర్గం పశువుల ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్తే, అక్కడి కాంపౌండరు జాకబ్ సూది వేసేటప్పుడు దాన్ని పట్టుకోలేక చెమటలు కక్కాడు. “అక్కా, ఇది ఇంట్లో ఉండే కుక్క గాదు. దీని కాళ్ళకు పని గావల్ల. పని లేకపోతే అదే యాదో ఒకటి ఎతుక్కుంటాది” అన్నాడు.

అన్నట్టే వెతుక్కుంది. ఆమె బడికి వెళ్ళేటప్పుడు కట్టేసి వెళ్ళాలని చూసింది గానీ, ఆ మెడ మీది మచ్చ చూస్తే తాడు వెయ్యడానికి చేతులు రాలేదు. అది రోజూ వెనకే బడికి వచ్చేది. ఒక మధ్యాహ్నం పిల్లలు పళ్ళేలు పట్టుకుని కూర్చోగానే బుల్లెట్ గుడ్డు వాసనకు ఒక్క దూకు దూకింది. రెండో తరగతి పిల్ల వెనక్కి పడి చెయ్యి విరిగింది.

సాయంత్రానికి ఆ పిల్ల తండ్రి వీరేష్ రామాంజినమ్మ ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. కేకలు వెయ్యలేదు. “పిన్నమ్మా, నువ్వంటే నాకు మర్యాద ఉండాది. ఆ కుక్క ఇంకోసారి మా ఈదిలో కనపడితే మందు కలిపిన అన్నం పెడ్తా. చెప్పలేదనొద్దు” అని వెళ్ళిపోయాడు. ఆమెకు కోపం రాలేదు. విరిగింది వాడి బిడ్డ చెయ్యి. కట్టు విప్పేదాకా ఆ పిల్లకు బడిలో తనే కలిపి తినిపించింది. కుక్కను మాత్రం ఇంక ఊళ్ళో ఉంచితే బతకదని తెలిసిపోయింది.

మళ్ళీ జాకబే దారి చూపాడు. ఊరి పక్కన పారే వంక అవతలి ఊళ్ళో ఓబుళేసు అని గొర్రెల కాపరి ఉన్నాడు. అతని ముసలి కుక్క పోయింది, తోడేళ్ళ భయంతో నిద్ర లేకుండా ఉన్నాడు. ఓబుళేసు వచ్చి బుల్లెట్‌ను నిలువునా చూసి, దాని కాళ్ళు తడిమి, “ఇంత దుడుకుదే గావల్ల నాకు” అన్నాడు. తీసుకుపోయి, వాళ్ళ పెద్దల ఆనవాయితీ ప్రకారం చీపురుపుల్లతో దాని తోక కొలిచి, ఆ పుల్లను దొడ్డి కంచెలో గుచ్చాడట. అట్లా చేస్తే కుక్క ఆ చోటు వదలదని వాళ్ళ నమ్మకం.

మర్నాడే బుల్లెట్ వంక దాటి రామాంజినమ్మ గడప ముందుకు వచ్చేసింది. తలుపు మీద రెండు గీకులు గీకి, ఒక తుమ్ము తుమ్మి కూర్చుంది.

“ఏమే ముదనష్టపుదానా, మల్లా యాలకొచ్చినావు?” అని తిడుతూనే ఆమె లోపలికి పరుగెత్తి సంగటి ముద్ద తెచ్చింది. అంత దూరం వచ్చిన ప్రాణాన్ని ఉత్త కడుపుతో ఎట్లా పంపుతుంది? అది తిన్నాక ఓబుళేసుకు ఫోను చేసింది. అతను మోటారు సైకిలు మీద వచ్చి తీసుకుపోయాడు. నాలుగు రోజులకు మళ్ళీ వచ్చింది. ఈసారి ముద్దలో చారెడు పాలు కూడా పోసింది. ఆ తర్వాత ఇంకోసారి. వచ్చే ప్రతిసారీ అది వీరేష్ వీధి గుండానే రావాలి. ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసీ, గుమ్మం దగ్గర గీకుడు వినబడగానే చేతులు వాటంతటవే ముద్ద చేసేవి.

చివరికి ఓబుళేసు అరుగు మీద కూర్చుని మొహమాటం లేకుండా చెప్పేశాడు. “అక్కా, పుల్ల పెట్టినా నిలవలేదు, పాలు పోసినా నిలవలేదు. కుక్క తప్పేం లేదు. నువ్వు పెడ్తాండావు, అది వస్తాండాది. గొర్రెల కాడుండాల్సింది నీ ముద్ద కోసరం పరిగెత్తుకొస్తే, ఆ పొద్దు తోడేలు పడితే నా గతేం గావల్ల? వచ్చే వారం మందను పామిడి పక్క పెన్న ఒడ్డుకు తోలుకుపోతాండా. ఈలోగా ఇంకొక్కసారి నీకాడ ముద్ద తింటే నాకొద్దు. నువ్వే ఉంచుకో.”

“నేను ఉంచుకుంటే వీరేష్ ఉంచుతాడా?”

“అందుకే చెప్తాండా. వస్తే తలుపు తీయొద్దు. పెట్టొద్దు. ఒక్కపారి ఉత్త కడుపుతో తిరిగొస్తే చాలు, దానికి తెలుస్తాది.”

“నీళ్ళు?”

ఓబుళేసు బయట తొట్టి వైపు చూశాడు. దారిన పోయే పశువులకోసం ఆమె ఎప్పుడూ నింపి పెట్టే తొట్టి అది. “నీళ్ళకు నేనెట్ల అడ్డం చెప్తానక్కా. అది దావలో ఉండే తొట్టి” అన్నాడు.

ఆదివారం నడిమధ్యాహ్నం బుల్లెట్ వచ్చింది. రామాంజినమ్మ అప్పుడే సంగటి కెలికి దించి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి నూరుకుని కంచం ముందు కూర్చుంది. తలుపు మీద రెండు గీకులు, ఒక తుమ్ము.

లేచి తలుపు దాకా వెళ్ళి, తీసే చేతిని వెనక్కి లాక్కుని గడియ పెట్టింది. తలుపు సందులోంచి చూస్తే దాని ముందుకాళ్ళు, బయటికి వేలాడే నాలుక కనబడ్డాయి. ఇదేదో కొత్త ఆట అనుకుందేమో, తోక నేలకేసి కొడుతోంది. కాసేపు చూసి మళ్ళీ గీకింది. తర్వాత మెల్లగా కుయ్ కుయ్‌మంది. లోపల సంగటి వాసన దానికి తెలియకుండా ఉంటుందా.

ఆమె నోరు తెరిచింది. తిడదామనుకుంది. పోవే అందామనుకుంది. కానీ బయటికొచ్చిన మాట వేరే.

“అయిపోయినాది. పో.”

ఆ మాట తన నోట విని తనే ఉలిక్కిపడింది. వెంటనే తలుపుకు వీపు ఆనించి నేలమీద కూలబడింది. అవతల బుల్లెట్ కూడా అదే తలుపుకు ఆనుకుని పడుకున్నట్టుంది, దాని రొప్పు సందులోంచి వెచ్చగా ఆమె నడుముకు తగులుతోంది. కంచంలో సంగటి చల్లారి పైన పొర కట్టింది. ముట్టుకోలేదు. బయట ఉన్నది తినకుండా తను ఎట్లా తింటుంది? గడియ మీదికి చెయ్యి ఎన్నిసార్లు పోయిందో ఆమెకే తెలియదు. పోయినప్పుడల్లా వీరేష్ మొహం గుర్తు తెచ్చుకుని చెయ్యి దించుకుంది.

ఎండ గోడ దాటి కిందికి జారాక అది లేచిన చప్పుడైంది. తొట్టి దగ్గర నీళ్ళు గతుకుతున్న చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. సందులోంచి చూస్తే వంక దారిలో పోతోంది. పరుగెత్తలేదు, ఎగరలేదు. బుల్లెట్ నడవడం ఆమె చూడటం అదే మొదటిసారి. గడియ పెట్టిన ఇంట్లో కూర్చుని గట్టిగా ఏడ్చింది. సంగటి పక్కింటి కోళ్ళకు వేసింది.

రాత్రికి ఓబుళేసు ఫోను చేశాడు. “వచ్చి గొర్రెల మధ్యన పండుకున్యాది అక్కా.” వారానికి మంద పెన్న ఒడ్డుకు వెళ్ళిపోయింది. ఆ వేసవంతా గాలికి తలుపు కదిలినా ఆమె గీకుడనుకుని తల తిప్పేది. బడిలో మామూలుగానే అందరికీ పెట్టింది. కాకపోతే గరిటె గిన్నె అంచుకు తగలకుండా పెట్టడం నేర్చుకుంది.

వానలు పడి బీళ్ళు పచ్చబడ్డాక ఒక ఉదయం దారంతా గొర్రెల అరుపులు. రామాంజినమ్మ బయటికొచ్చేసరికి మంద తొట్టి చుట్టూ మూగి ఉంది. వెనకాల ఓబుళేసు. గొర్రెల చుట్టూ చక్కర్లు కొడుతూ బుల్లెట్. ఒళ్ళు చేసింది. మెడకు తోడేళ్ళు పట్టకుండా మేకుల పట్టీ ఉంది, దాని కింద పాత తాడు మచ్చ కనబడటం లేదు. ఆమెను చూసి ఆగిపోయింది. తోక ఊపింది గానీ గడప దగ్గరికి రాలేదు. ఆ తలుపు దానికి గుర్తుంది. ఆమె తలుపు వైపు ఒకసారి, దాని వైపు ఒకసారి చూసింది.

ఓబుళేసు కనిపెట్టాడు. “ఇప్పుడు పెట్టక్కా. ఇంక ఏం గాదు.”

ఆమె లోపలికి ఎట్లా పోయిందో, ముద్ద ఎట్లా చేసిందో తెలియదు. తెచ్చి, దారి మీదే గొంతుక్కూర్చుని చెయ్యి చాపింది. బుల్లెట్ దగ్గరికొచ్చింది. ముక్కు అదిరింది, నోరూరింది. కానీ నోరు పెట్టలేదు. తల తిప్పి ఓబుళేసు ముఖంలోకి చూసింది.

“తిను” అన్నాడు ఓబుళేసు.

అప్పుడు తింది. తన చేతిలో ముద్ద ఉండగా అది వేరొకరి ముఖం చూసింది. ఇట్లా చూడాలనే ఆమె ఆరోజు తలుపు తీయలేదు. ఇప్పుడు కళ్ళారా చూసి సంతోషించింది, అది ఇంక తన కుక్క కాదని కూడా తెలిసింది. అది ముద్ద తిని, అరచెయ్యి నాకుతుండగానే ఒక గొర్రెపిల్ల చేను వైపు మళ్ళింది. నాకుడు సగంలో వదిలేసి బుల్లెట్ దూసుకుపోయింది.

“వచ్చే ఏడు గూడా ఈ దావనే వస్తాం అక్కా” అన్నాడు ఓబుళేసు, కర్ర భుజాన వేసుకుంటూ.

రామాంజినమ్మ తడి చెయ్యి తుడుచుకోలేదు.

“రాండప్పా. ముద్ద ఉంటాది” అంది.