పాత డ్రైవర్‌ను తీసేయాలన్న మాట

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఇప్పుడూ అక్కర్లేదు గానీ, అప్పట్లో వచ్చిన కోపాన్ని కాగితం మీద పెట్టి పై అధికారి బల్ల మీద పెట్టే ఓపిక కూడా ఉండేది. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో ట్రెయినీ కెమిస్టుగా చేరిన కొత్త. క్యాంటీన్ ఉప్మాలోని జీడిపప్పు మేనేజర్ల ప్లేట్లలోకే ఎలా దారి కనుక్కుంటుందని రాసి అడిగాను. చెప్పుల రాక్‌లో ట్రెయినీలకు కింది అర ఎందుకని అడిగాను. (రెండింటికీ నేటి వరకు జవాబు రాలేదు. నేనూ మరిచిపోలేదు.) ఫ్యాక్టరీలో నా అసలు పేరు జీతాలిచ్చే వాళ్లకు మాత్రమే తెలుసు, మిగతా అందరికీ నేను ‘కంప్లైంట్ తమ్ముడు’ని.

ఇలాంటి మనిషి, చిన్నప్పుడు తనకు ఎవరైనా అన్యాయం చేస్తే ఊరుకుంటాడా? నాకు చేసినవాడు మా మేనత్త కొడుకు, అంటే బావ. సంగారెడ్డిలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఇద్దరం పక్కపక్కన కూర్చుని కార్ల పందెం ఆట ఆడేవాళ్లం. ఒకనాడు చివరి మలుపులో నేను ముందున్నాను. సరిగ్గా అప్పుడే నా కంప్యూటర్ బిగుసుకుపోయింది. బావ తాపీగా గీత దాటి, ఇంటికొచ్చి అందరి ముందూ గెలిచానని చాటుకున్నాడు. “గట్ల కాదు, నేనే ముందటున్న!” అని ఏడ్చినంత పనిచేస్తే, “నీ డబ్బా ఆగిపోతే నేనేం జెయ్యాలె బామ్మర్దీ?” అన్నాడు. అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. అది కూడా గుర్తుంది.

అందుకే ఉద్యోగం దొరికి, సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లిలో కిరాయి గది తీసుకోగానే, నేను కొన్న మొదటి వస్తువు మంచం కాదు, పాత కంప్యూటర్. అదే ఆట సీడీ వెతికి తెచ్చి, ఒక ఆదివారానికి బావను రమ్మని కబురు పెట్టాను. తీరా ఆడి చూస్తే, చివరి మలుపు దగ్గర తెర నల్లబడి ఆట మొత్తం మూసుకుపోయేది. ‘డిస్‌ప్లే డ్రైవర్ పనిచేయడం లేదు’ అని ఒక ముక్క మాత్రం కనిపించేది. పటాన్‌చెరులో కంప్యూటర్లు బాగుచేసే చిప్పన్న (చిప్పులు మారుస్తాడని ఆ పేరు) విషయం విడమరిచి చెప్పాడు. “తెరకు బొమ్మ పంపే కార్డు ఉంటది తమ్మీ. గా కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్‌నే డ్రైవర్ అంటరు. నీది పాతదైంది. తీసేసి కొత్తది ఎయ్యి.” ఇంతే. ఇందులో ఎవరి మనసైనా నొప్పించే మాట ఒక్కటైనా ఉందా, మీరే చెప్పండి.

ఇక్కడ చాచా గురించి చెప్పాలి. సంగారెడ్డి నుంచి కాజీపల్లికి మా స్టాఫ్ బస్సు నడిపేవాడు. తెల్లటి గడ్డం, ఇస్త్రీ ఖాకీ చొక్కా, స్టీరింగుకు చుట్టిన పచ్చటి తువ్వాలు. నేను రోజూ ఆలస్యంగానే తయారయ్యేవాణ్ణి. చాచా మా గల్లీ మూల మీద బస్సు ఆపి, నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చే దాకా హారన్ కొడుతూ ఉండేవాడు. ఆయన వెనక సీటు నాది. ఆ నెలల్లోనే కంపెనీలో ఒక మాట నలుగుతోంది: పాత డ్రైవర్లను మాన్పించి కాంట్రాక్టు వాళ్లను పెడతారట, చాచా సంగతి ఇంకా తేల్చలేదట. అందరికీ తెలిసినట్టే నాకూ తెలుసు. కానీ నా బుర్రనిండా ఆ చివరి మలుపే ఉంది.

ఒక ఉదయం ఆ సీట్లోనే కూర్చుని చిప్పన్నకు ఫోన్ చేశాను. బస్సు రొదలో వినిపించాలని కాస్త గట్టిగానే మాట్లాడాను.

“అన్నా, డ్రైవర్‌తోని మస్తు పరేషాన్ అయితుందన్నా. మలుపు కాడికి రాంగనే క్రాష్ అయితుంది... ఆఁ, ముందట ఏం కనిపిస్తలేదు, అంత నల్లగైతుంది... పాతది గదన్నా, ఇగ పనికి రాదు. తీసేస్త... కంపెనీకి సుత కంప్లైంట్ రాసిన. కొత్త డ్రైవర్‌ను ఇస్తమన్నరు. ఇగ నేను ఊకోను.”

(కంపెనీ అంటే ఆ కార్డు తయారుచేసిన కంపెనీ. ఇది కూడా విడమరచి చెప్పాల్సి రావడం నా ఖర్మ.) ఫోన్ పెట్టేసి తలెత్తితే చాచా అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. మర్యాదకు చిరునవ్వు నవ్వాను.

మర్నాడు హారన్ వినిపించలేదు. పరిగెత్తుకెళ్లేసరికి బస్సు వెనకభాగం కనిపించింది. షేర్ ఆటోలూ, మరో ఫ్యాక్టరీ వాళ్ల టాటా ఏస్ బండీ పట్టుకుని పోయి, ఆలస్యానికి చీవాట్లు తిన్నాను. ఆ తర్వాతి రోజూ అంతే. మహా మంట పుట్టింది, కానీ రాయడానికి కలం తీస్తే రాయాల్సిందేమీ లేదు. బస్సు సరిగ్గా వేళకు వస్తోంది, సరిగ్గా వేళకు కదులుతోంది. నియమం తప్పని మనిషి మీద ఏమని ఫిర్యాదు చేస్తాం? ఎలాగో వేళకు లేచి బస్సెక్కితే నా సీటు మీద ఎవరిదో టిఫిన్ డబ్బా. పలకరిస్తే పలికేవాడు లేడు.

ఆ బాధలోనే గదిలో కొత్త డ్రైవర్ ఎక్కించాను. అది ఇంకా ఘనమైనది. మలుపు దాకా కూడా రానివ్వకుండా, ఆట మొదలవగానే పడిపోయింది. చిప్పన్న దగ్గరికి పోయి మొరపెట్టుకుంటే, “పాత ఆట గదా తమ్మీ, కొత్త డ్రైవర్‌కు దాని మాట అర్థమైతలేదు. ముందటి దానికన్న ఇంకో పాతది ఉంటది, గదే ఎయ్యి” అన్నాడు. వేశాను. నా ఎర్ర కారు చివరి మలుపు తిరిగి, గీత దాటింది. గదిలో ఒక్కణ్ణే గంతులేశాను. ఈ సంబరం చెప్పుకుందామంటే మర్నాడు బస్సులో అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు.

చివరికి ప్యాకింగ్ సెక్షన్ అక్క నోరు విప్పింది. సాయంత్రం షిఫ్టు అయిపోయి, గేటు ముందు బస్సు ఆగి ఉంది.

“ఏంది తమ్మీ, ఉప్మా మీద రాస్తివి, చెప్పుల మీద రాస్తివి, నవ్వుకున్నం. ముసలాయన నౌకరీ మీద సుత రాస్తివా? గా ట్రాన్స్‌పోర్ట్ సార్ దాంక పోయిందంట నీ కంప్లైంట్. రేపో మాపో తీసేస్తరంట.”

“నేనా? చాచా మీదనా?”

చాచా స్టీరింగు మీంచి వెనక్కి తిరగకుండానే అన్నాడు. “నా చెవులతో విన్న బేటా. పాత డ్రైవర్ పనికి రాదు, కళ్లు కనిపిస్తలేదు, క్రాష్ అయితుంది. అన్నవా లేదా?”

“అన్న, కానీ అది కంప్యూటర్ డ్రైవర్ చాచా!”

“కంప్యూటర్‌కు డ్రైవర్ ఎందుకు? అది యాడికి పోతది?”

బస్సులో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఉక్రోషం వచ్చి వ్యాకరణానికి దిగాను. “చాచా, నేను ‘క్రాష్ అయితుంది’ అన్న. నీ గురించైతే ‘అయితడు’ అంటగదా! ‘పాతది’ అన్న, ‘పాతోడు’ అనలే!”

చాచా ఇప్పుడు వెనక్కి తిరిగాడు. “అరే, నాకు గదంత ఏం తెలుసు? నా తెలుగుల బస్సు వచ్చింది, మా బీబీ వచ్చింది, నేను సుత వచ్చింది. అన్నీ ఒకటే.”

బస్సంతా గొల్లుమంది. నిజమే, ఇన్నాళ్లూ ఆయన “మేనేజర్ సాబ్ వచ్చింది” అంటే ముద్దుగా నవ్వుకున్నవాళ్లమే. నేను ఊపిరి తీసుకుని, “ఇగ సంగతేందంటే, మల్ల పాత డ్రైవర్‌నే పెట్టిన చాచా, మంచిగ నడుస్తుంది!” అన్నాను. “పెట్టినవా? మరి సార్ దస్తఖత్ పెట్టిందా?” అని ఆశగా అడిగాడు చాచా. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ట్రాన్స్‌పోర్ట్ సారు గదికి వెళ్లాను. తెనాలి వైపు మనిషి. నన్ను చూడగానే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“మళ్లీ వచ్చావా నాయనా? ఈసారి దేని మీద?”

“కంప్లైంట్ లేదు సార్.”

“లేదా? ఒంట్లో బానే ఉందా?”

కార్డు, ఆట, మలుపు, బావ, చిప్పన్న, అంతా చెప్పాను. ఆయన ముఖం చూస్తే సగం అర్థమైనట్టు లేదు. ఆఖరికి చెయ్యెత్తి ఆపాడు.

“ఉప్మా మీద ఇచ్చావు. చెప్పుల రాక్ మీద ఇచ్చావు. నా ఫోన్ రింగ్‌టోన్ మీద కూడా ఇచ్చావు. రోజూ రెండు పూటలా ఆ బస్సే ఎక్కుతావు కదా, డ్రైవర్ మీద నిజంగా ఒక్కటి కూడా ఇవ్వలేదా?”

“ఇయ్యలే సార్.”

“ఏం?”

ఆలోచించాను. ఎంత వెతికినా దొరకలేదు. “ఆయన మీద ఏమని ఇయ్యాలె సార్?”

సారు కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా నవ్వాడు. “సరే వెళ్లు. నీకే ఏ తప్పూ దొరకలేదంటే ఆ మనిషిని తీసేయడానికి నేనెవణ్ణి! కళ్ల పరీక్ష ఒకటి చేయించుకుని రమ్మను, నడుపుకుంటాడు.” (నన్ను కొలబద్దగా వాడుకున్నందుకు అప్పుడే రావాల్సిన కోపం గది బయటికొచ్చాక వచ్చింది. తిరిగి లోపలికి వెళ్లలేదు. నా జీవితంలో అదొక్కసారే.)

చాచా కళ్ల పరీక్షలో గట్టెక్కాడు. మా గల్లీ మూల మీద హారన్ మళ్లీ మోగింది. ఆదివారం బావ వచ్చి, సగర్వంగా నేను చూపించిన ఆటను చూసి, “ఏ పందెం బామ్మర్దీ? నాకేం యాదికి లేదు” అన్నాడు. ఆ మాటను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ తర్వాతి వారం చాచా వచ్చాడు, తన నౌకరీ మీదికి తెచ్చిన ‘డ్రైవర్’ను చూస్తానని. కూర్చోబెట్టి మీటలు చూపించాను. పందెం మొదలైంది. అన్ని కార్లూ దూసుకుపోయాయి. చాచా కారు రోడ్డుకు ఎడమ పక్కన బుద్ధిగా కదిలింది.

“చాచా, జల్దీ! అందరు పోతున్నరు!”

“పోనీయ్. ఏం జల్దీ ఉందో పాపం. హారన్ యాడుంది దీనికి?”

“హారన్ లేదు చాచా, ఇది పందెం!”

“హారన్ లేని బండి ఎట్ల ఇచ్చిన్రు రోడ్డు మీదికి?” అని చిరాకుపడుతూనే మలుపులన్నీ తిరిగి, అందరికన్నా ఆఖర్న గీత దాటి, ఒక పక్కకు తీసి ఆపాడు. తెర మీద ఓడిపోయినట్టు అక్షరాలు పడ్డాయి. ఆయన చదవనే లేదు. “చూడు, ఎవ్వరికీ తగల్లే” అని తృప్తిగా లేచాడు.

చాచా ఉద్యోగం చాలించి మనవరాళ్లను స్కూటర్ మీద బడికి దింపుతున్నాడిప్పుడు. నేను జిన్నారం వైపు ఇంకో ఫ్యాక్టరీకి సొంత కారులో పోతున్నాను. వెనక ఎవరైనా తొందరపడితే ఎడమ పక్కకు జరిగి దారిస్తాను. నోరు తనంతటదే “పోనీయ్” అంటుంది. వేళకు చేరను. నా కింద పనిచేసే పిల్లలు గడియారం చూసుకుంటూ నిలబడి ఉంటారు. అప్పటి ఆ కంప్లైంట్ తమ్ముడే గనక వాళ్లలో ఉండి ఉంటే, ఈపాటికి నా మీద నిండు పేజీ రాసి పైకి పంపేసి ఉండేవాడు. వాడు లేడని తెలిసినా, గేటు దగ్గర ఒక్కోసారి వాడి కోసం చూస్తుంటాను.