బురులాయి వైవాకి కోరం

మా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పుచ్చుకున్నవాళ్ళలో సగం మందికి తమ థీసిస్ పేరు గుర్తుండకపోవచ్చు గానీ, బురులాయి అక్క అందరికీ గుర్తుంటుంది. ఆవిడ పరీక్షా మండలికి కార్యదర్శి. వైవా రోజున సభ్యుల్ని ఇళ్ళలోంచి, గడ్డి కోతల్లోంచి, ఒక్కోసారి ఆవిరి స్నానపు గదుల్లోంచి లాక్కొచ్చి కుర్చీల్లో కూలేసి, కోరం నింపడం ఆవిడ పని. ఇరవై ఏళ్ళుగా ఇదే. ఓసారి నన్ను ఫుట్‌బాల్ ఆట మధ్యలోంచి లాక్కుపోయింది. గోల్ దగ్గర నిలబడ్డవాణ్ణి నేనేనని చెప్పినా వినలేదు. మా జట్టు ఓడింది. అక్కడ అభ్యర్థి గెలిచాడు.

నా పేరు తురాత్, చెప్పేది ఫిజిక్స్. బురులాయికి వరసకేమీ కాను, కానీ ఈ కొండల్లో తనకంటే చిన్నవాడెవడైనా ఆవిడకి తమ్ముడే.

తలుపు బయట కూర్చుని ఇన్నేళ్ళు విన్నదంతా ఊరికే పోలేదు. తనూ ఓ థీసిస్ రాసింది, పుట్టిన ఊరి కాలువ మీద. పై ఊరు ఒక జిల్లా, కింది ఊరు ఇంకో జిల్లా, కాలువ ఒక్కటే. ఏటా వసంతంలో పారలు పుచ్చుకుని కొట్టుకుంటారు. నీళ్ళ వాటాల లెక్క గణితం వాళ్ళది, మంచు కరిగే లెక్క నాది, తూముల సంగతి ఇంజనీర్లది. కింది ఊరి పిల్లల విరేచనాలు వైద్యం కిందికొస్తాయి. ఇక ఆ పారలు ప్రాంతీయ రాజకీయాలు చెప్పే ఆయనవి. చిక్కంతా అక్కడే వచ్చింది. ఏ శాఖకి వెళ్ళినా, “బాగుందమ్మా, కానీ ఇది మాది కాదు, పక్క గదిలో అడుగు” అన్నారు. పక్క గదులు అయిపోయేసరికి ఆవిడ జుట్టు నెరిసింది.

చివరికి ఐదు శాఖల్నీ కలిపి ఒకే మండలిగా కట్టించింది. రాజధాని బిష్కెక్ నుంచి అనుమతి వచ్చింది గానీ ఒక్క ఏడాదికే. ఆ గడువు శుక్రవారంతో ముగుస్తుంది. వైవా గురువారం పెట్టారు. మళ్ళీ ఈ ఐదు రకాల పండితుల్ని ఒక బల్ల చుట్టూ చేర్చడం మనుషుల వల్ల కాని పని. ఆవిడకి యాభై ఆరేళ్ళు. ఇది తప్పితే ఇంకోటి లేదు.

తన వైవాకి తనే కార్యదర్శిగా ఉండకూడదు కదా, ఆ ఒక్క రోజుకీ ఆ పని నా నెత్తిన పడింది. పొద్దున్నే ఫోన్. గణితం కల్‌ముర్జా మాస్టారికి కాలు నొప్పట, రారట. ఆయన లేకపోతే కోరానికి ఒక్కరు తక్కువ. వంటింట్లో గొర్రె అప్పటికే ఉడుకుతోంది. మా దగ్గర వైవాకి ముందే గొర్రెను కోసేస్తారు, తప్పితే ఏం చేస్తారని ఎవరూ అడగరు.

“కారు తియ్యరా తమ్ముడూ,” అంది బురులాయి. కొత్త పట్టు బ్లౌజు మీద చలికోటు కప్పుకుని నా డొక్కు కారెక్కింది. దారంతా నోరు విప్పలేదు. ఆవిడ నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదలు, నాకు భయమేసింది.

వాకిట్లోనే మాస్టారి భార్య సైరగుల్ ఎదురైంది.

“కాలు నొప్పా? నిన్న ఆ కాళ్ళతోనే కొండెక్కి గొర్రెల్ని తోలుకొచ్చాడు. నొప్పి కాలిది కాదమ్మా, మీ విందులో ఇచ్చిన ఎముకది. ఇంటికి తెచ్చి కుక్కకి పారేశాడు. అదీ మూతి ముడుచుకునే తినింది.”

వైవా అయ్యాక పెట్టే విందులో మాంసం పంచడానికి మాకొక పద్ధతుంది. తుంటి ఎముక అందరికన్నా పెద్దవాడికి, తొడ ఎముక తర్వాతి వాడికి. మొన్నటిదాకా ఆ తుంటి ఎముక ఒక ముసలి ఇంజనీరుది. ఆయన బిష్కెక్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాక, పోయిన విందులో పేచీ రాకూడదని బురులాయి అందరి ముందూ అడిగింది, మీరు ఏ సంవత్సరంలో పుట్టారని. మా దగ్గర ఏళ్ళు పన్నెండు జంతువుల పేర్లతో వరసగా తిరుగుతాయి. వైద్యం జుమాలీ గారు పులి అన్నారు. కల్‌ముర్జా మాస్టారు గుటకేసి కుందేలు అన్నారు. పులి తర్వాతే కుందేలు కాబట్టి తుంటి ఎముక జుమాలీకి పోయింది, మాస్టారికి తొడ ఎముక మిగిలింది. అందులో తప్పేముంది?

మాస్టారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

“నేనేం తప్పు చేశానో చెప్పండి మాస్టారూ,” అంది బురులాయి.

“నేనేమన్నా అన్నానా?”

“అనలేదు. రావట్లేదు.”

“కాలు.”

టీ గిన్నెలు తెస్తున్న సైరగుల్ ఇక ఉండబట్టలేకపోయింది. “ఒసే బురులాయీ, కుందేలుని నేను! మా అమ్మ నన్ను నా ఈడు కుర్రకుంకకి కట్టబెట్టిందనుకున్నావా? ఈయన ఎద్దు!”

“సైరగుల్!”

“ఏం, అబద్ధమా?”

అప్పుడు నాకు సంగతి అర్థమైంది. ఎద్దు పులికి ముందు ఏడు, అంటే జుమాలీకీ పెద్ద. పల్లెలో పుట్టుక రాయించేటప్పటికి రెండేళ్ళు ఆలస్యమైంది, కాగితాల్లో మాస్టారు కుందేలైపోయారు. డెబ్భై నిండినవాళ్ళు ఇంటికెళ్ళాలని మా రెక్టర్ ఈ ఏడే కొత్త నియమం పెట్టాడు. విందులో ఆయన మాస్టారి పక్కనే కూర్చున్నాడు. నిజం చెబితే ఎముక దక్కుతుంది, కొలువు పోతుంది.

“విన్నారుగా,” అన్నారు మాస్టారు. “ఆ రోజు నుంచి జుమాలీ నన్ను తమ్ముడూ అంటున్నాడు. నిన్న బజార్లో, పుచ్చకాయల కొట్టు ముందు, ‘తమ్ముడూ, బరువు మొయ్యగలవా’ అని! ఇవాళ విందులో మళ్ళీ అంటాడు. ఏం చెయ్యమంటావ్?”

బురులాయి ఏదో ఉపాయం చెబుతుందని నేను చూశాను. కోరం విషయంలో ఆవిడకి తోచని ఉపాయం లేదు.

“నాకేం తోచట్లేదు మాస్టారూ,” అంది. “విందుకి రాకండి. వైవాకి రండి. ఇరవై ఏళ్ళు మీ అందరినీ బతిమాలి కూర్చోబెట్టాను, ఎవరెవరి కోసమో. ఇవాళొక్క పూట నాకోసం కూర్చోండి.” అలా అంటూ ఏడ్చేసింది.

మాస్టారు లేచి, “నా బూట్లు ఎక్కడ తగలేశావ్?” అని భార్య మీద అరిచారు.

కోరం నిండింది. ఎవరికి రాని విషయం మీద వాళ్ళు ప్రశ్నలు వేశారు, అది మామూలే. రాజకీయాలాయన తూము వెడల్పు అడిగాడు, కొత్త ఇంజనీరు ఎన్నికల గురించి అడిగాడు. బురులాయి తడుముకోకుండా చెబుతూ పోయింది. చివర్లో కల్‌ముర్జా మాస్టారు లేచారు.

“పై ఊరివాళ్ళు ఎన్ని నీళ్ళు వాడారో వాళ్ళనే అడిగి రాసుకున్నావు. తక్కువ చేసి చెప్పుంటారు. ఆ అబద్ధాన్ని ఏం చేశావు?”

“లెక్కలో కలిపాను మాస్టారూ. తమ వాడకం అందరూ తగ్గించే చెబుతారు. అది దొంగబుద్ధని నేననుకోను. ఉన్నది పోతుందేమోనని భయం.” ఆగి, మెల్లగా అంది: “కాకపోతే కింద ఒకళ్ళు ఎదురుచూస్తుంటారు. పైవాళ్ళు నిజం చెప్పిన ఏడు కింది పొలాలకి ఒక తడి ఎక్కువ పారింది.”

మాస్టారు కూర్చున్నారు. ఓట్లు లెక్కపెట్టి నేనే చదివాను. వ్యతిరేకం ఒక్కటీ లేదు. బురులాయి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

విందుకి రారనుకున్న మాస్టారు వచ్చి కూర్చున్నారు. రెక్టర్ పెద్ద స్థానంలో ఉన్నాడు. మాంసం పళ్ళెం నా చేతిలో. నిజం తెలిసి కూడా కాగితం ప్రకారం పంచాల్సిన ఖర్మ నాది. జుమాలీ గారి వైపు నడిచాను.

“ఆగరా,” అన్నారు కల్‌ముర్జా మాస్టారు, గదంతా వినపడేలా. “నేను ఎద్దు సంవత్సరం వాణ్ణి.”

అందరికన్నా ముందు జుమాలీ పకపకా నవ్వాడు. “నేనప్పుడే అనుకున్నాను! ఏ కుందేలుకి ఇన్ని కీళ్ళ నొప్పులుంటాయి? ఇదిగో అన్నా, నీ ఎముక.”

రెక్టర్ నవ్వలేదు. “అంటే మీకు డెబ్భై నిండాయన్నమాట.”

“నిండాయి. వచ్చే సెప్టెంబరు నుంచి నేను రాను. నా తరగతులు ఈవిడకివ్వండి.” మాస్టారు బురులాయిని చూపించారు. “చదివింది గణితమే. ఇరవై ఏళ్ళ కిందట ఉద్యోగం అడగడానికొస్తే ఖాళీ లేదని చెప్పి, ఆ తలుపు దగ్గర కూర్చోబెట్టింది నేనే. అప్పుడు ఖాళీ ఉంది.”

రెక్టర్ తన పళ్ళెం వైపు చూసి, “రేపు నా గదికి రామ్మా, మాట్లాడదాం,” అన్నాడు.

బురులాయి కొత్త బ్లౌజు చేతులతో కళ్ళు తుడుచుకుంది. లేచి టీ కూజా అందుకోబోయింది.

“కూర్చోవే,” అన్నారు మాస్టారు, తుంటి ఎముక మీంచి మొదటి ముక్క కోసి ఆవిడ పళ్ళెంలో పెడుతూ. “టీ తురాత్ పోస్తాడు.”

పోశాను.