వంకలమ్మ వద్దన్న గోడ

తల్లి పెట్టిన పేరు కాగితాల్లోనే మిగిలిపోయింది. పనిలో అందరూ అతన్ని సమ్మెట అనేవాళ్ళు. పాత ఇళ్ళు కూలగొట్టే ముఠాలో మొదటి దెబ్బ ఎప్పుడూ అతనిదే. గోడ ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, నడుము తిప్పి ఒక్కటి వేశాడంటే ఇటుకలు పళ్ళూడినట్టు రాలేవి.

"వీడు గోడను కొట్టడురా, గోడ మీద పగ తీర్చుకుంటాడు" అనేవాడు మేస్త్రి.

నిజానికి సమ్మెటకు గోడల మీద పగేమీ లేదు. చిన్నతనంలో అతను కోరుకున్నదే ఒక గోడ. అమ్మ, నాన్న, నాయనమ్మ, నలుగురు పిల్లలు, అందరికీ కలిపి ఒకటే గది. తండ్రి లారీల మీదికి మూటలెత్తే మనిషి. ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే చెయ్యి లేచేది. కూర చల్లారిందని తల్లిని కొట్టేవాడు, అడ్డమొచ్చారని పిల్లల్ని కొట్టేవాడు, పిల్లలు ఏడుస్తున్నారని మళ్ళీ తల్లినే కొట్టేవాడు. బెల్టు గాల్లో తిరుగుతుంటే పారిపోవడానికి రెండో గది లేదు. మంచం కింద దూరి, చెల్లెలి నోరు అరచేత్తో మూసి, అమ్మ తల అలమరకు తగిలిన చప్పుడు వినేవాడు. నాయనమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని నిద్ర నటించేది. మధ్యలో ఒక్క గోడ ఉన్నా అమ్మ అటుపక్కకు వెళ్ళి గడియ పెట్టుకునేది కదా అని ఆ పిల్లవాడి ఆశ. మీసం మొలిచే వయసులో ఒకనాడు ఆ బెల్టు లాక్కుని, తండ్రి ముఖం మీద నెత్తురు చిందేలా కొట్టి, ఇల్లు విడిచాడు. అమ్మను వచ్చి తీసుకెళ్దామనుకున్నాడు. అతను నిలదొక్కుకునేలోపే ఆమె పోయింది.

పెళ్ళయ్యాక భార్య మీద ఒక్కసారీ చెయ్యి వేయలేదు. ఆ సంగతి అతనికి గర్వంగా ఉండేది. అయితే కోపం ఎక్కడికీ పోలేదు, వస్తువుల మీదికి మళ్ళింది. కుర్చీ కాలు విరిగేది, తలుపు చెక్క పగిలేది. ఇస్త్రీ దుకాణంలో పనిచేసే అతని భార్య ఊరికే నవ్వేసేది కాదు. "నన్ను కొట్టవులే. కానీ మనింట్లో ఏ సామానుకూ ఆయుష్షు లేదు" అనేది.

వాళ్ళది మేడమీద వరసగా ఉన్న వాటాల్లో ఒకటి. గదీ, దానికి తోకలా చిన్న వంటమూలా. అందులో భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు, అత్తగారు. ఆ వరస మొత్తానికి పెద్ద టీవీ వాళ్ళదే కావడంతో సాయంత్రం అయ్యేసరికి ఇరుగుపొరుగు గడప దగ్గరిదాకా నిండిపోయేవాళ్ళు. అందరూ వచ్చేది ఒక్క కార్యక్రమం కోసమే. ఇల్లు కొనాలనుకునే జంటను యాంకరమ్మ మూడిళ్ళకు తిప్పుతుంది. వాళ్ళు వంకలు పెడతారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళు వాళ్ళను తిడతారు. తిట్లలో అత్తగారిది అందెవేసిన చెయ్యి.

"పడగ్గది ఇరుకట! ఆ గదిలో మా వరసంతా పడుకున్నా ఇంకొకడు పొర్లడానికి చోటుంటుంది."

"స్నానాలగదులు రెండే ఉన్నాయట అత్తా, మూడోది కావాలట."

"ఎందుకే? ఒక్కో కాలు ఒక్కోదాంట్లో కడుక్కుంటారా?"

ఆ వారమంతా ఒకే జంటను చూపించారు. భర్త నవ్వు ముఖం, మాట మెత్తన. ప్రతి ఇంటినీ "బాగుందండీ, నాకేం అభ్యంతరం లేదు, అంతా ఆవిడిష్టం" అనేవాడు. ఆవిడకు మాత్రం ఏదీ నచ్చేది కాదు. మొదటింట్లో గోడల రంగు బాగోలేదంది. రెండో ఇల్లు తోటలో ఉంది, పిట్టల కూతలు తప్ప చప్పుడు లేదు. అక్కడ నిలబడి "పక్కిళ్ళు మరీ దూరంగా ఉన్నాయి" అంది.

గదిలో గోల లేచింది. "దూరమట! మా పక్కింటాయన తుమ్మితే మా కంచంలో పడుతుంది, వచ్చి ఇక్కడుండమను!" అని అత్తగారు చేతులు తిప్పింది. ఆ రోజే ఆవిడకు వంకలమ్మ అని పేరు పెట్టారు. "పాపం ఆ మొగుడు, బంగారం" అని జాలిపడ్డారు. సమ్మెట దవడ కండరం ఎగిరెగిరి పడింది.

చివరి రోజు మూడో ఇంట్లో వంకలమ్మ వంటగది ముందు ఆగిపోయింది. వెడల్పాటి వంటగది, చుట్టూ గోడలు, ఒకే తలుపు. లోపలికి అడుగు పెట్టకుండానే "ఈ గోడ వద్దు, కొట్టించెయ్యాలి. హాలు మొత్తం కనిపించాలి" అంది.

"గోడ కూడా బరువైందే నీకు!" అని సమ్మెట ఒక్క అరుపు అరిచి, చేతిలో ఉన్న స్టీలు గ్లాసు విసిరాడు. అది వంకలమ్మ నుదుటి దగ్గర తగిలి టీవీ అద్దం సాలెగూడులా పగిలింది. బొమ్మ పోయింది, మాట మాత్రం కాసేపు వినిపించింది. జనం చెప్పులు వెతుక్కుంటూ జారుకున్నారు. సమ్మెట ఊపిరి తీసుకుని చూస్తే చిన్న కూతురు కనబడలేదు. అది మంచం కింద ఉంది. దాని నోటికి పెద్దదాని అరచెయ్యి అడ్డంగా ఉంది.

"రండమ్మా, అయిపోయింది" అన్నాడు. పిల్లలు రాలేదు. భార్య వచ్చి కూర్చుని పిలిచాక వచ్చారు.

కొద్ది రోజులకు మేస్త్రి కబురు పెట్టాడు. "టీవీవాళ్ళ పనిరా. మీరు తిట్టుకునే ఆవిడ ఇల్లే. వంటగది గోడ పడగొట్టాలి, కెమెరా తీస్తారు. నోరు మూసుకుని కొట్టు, చాలు."

వెళ్ళేసరికి హాలంతా తీగలు, దీపాలు. యాంకరమ్మ ముఖానికి పౌడరు అద్దించుకుంటోంది. వంకలమ్మ టీవీలో కనిపించినంత పొడవు లేదు, పొడుగు చేతుల జాకెట్టుతో ఒక మూల నిలబడింది. మొదటి దెబ్బ దంపతులు వేయాలన్నారు. భర్త నవ్వుతూ ఇనుప సమ్మెట ఎత్తబోయి తూలాడు. ఆ తూలడం చూసి ఆవిడ పెదవి కొంచెం కదిలింది, అంతే. కెమెరావాళ్ళు కూడా నవ్వారు. అతను అందరికంటే గట్టిగా నవ్వాడు.

భోజనాల వేళ పనివాళ్ళూ టీవీవాళ్ళూ బయటి చెట్టు నీడకు పోయారు. సమ్మెట గోడలో నీళ్ళ గొట్టం ఎక్కడుందో చూద్దామని ఒక్కడే వెనక్కి వచ్చాడు. అరచేత్తో తడుముతున్నాడు. గోడ అవతల మెత్తటి గొంతు వినిపించింది.

"నవ్వొచ్చిందా? నలుగురిలో నా పరువు తీస్తుంటే నీకు నవ్వొచ్చిందా?"

తరవాత ఒక చప్పుడు. మనిషి తల చెక్కకు తగిలిన చప్పుడు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ చప్పుడు అతనికి తెలుసు. ఆవిడ అరవలేదు. రెండోసారి తగిలినప్పుడూ అరవలేదు.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది. గోడకు ఆనించిన ఇనుప సమ్మెట అందుకుని వేసిన రెండు దెబ్బలకు చెక్క చీలిపోయింది. లోపల ఆ భర్త ఆవిడ జుట్టు పిడికిలిలో చుట్టి, తలను అలమర అంచుకేసి పట్టుకుని ఉన్నాడు. ఆవిడ కనుబొమ్మ మీదుగా నెత్తురు కారుతోంది. అతను తల తిప్పి, అదే నవ్వు ముఖంతో, "ఏమయ్యా, ఎవరు రమ్మన్నారు నిన్ను?" అన్నాడు.

సమ్మెట చేతిలోని ఇనుము కింద పడేశాడు. పడేయకపోతే ఆ మనిషి అక్కడే పోయేవాడు. మొదటి గుద్దుకు దవడ పక్కకు తిరిగింది. రెండోదానికి పన్ను ఒకటి గచ్చు మీద గెంతింది. మనిషి కూలబడ్డాక కూడా సమ్మెట ఆగలేదు. గుండెల మీద మోకాలు పెట్టి, ఎడమా కుడీ తెలియకుండా కొట్టాడు. పిడికిలి చర్మం లేచిపోయింది. ఏ నెత్తురు ఎవరిదో తెలియడం లేదు. కింద ఉన్న ముఖం ఆ నవ్వు ముఖం కాదు, తండ్రి ముఖం.

"చాలు! చచ్చిపోతాడు, వదలండి!" అంటూ వంకలమ్మ వెనకనుంచి అతని చెయ్యి పట్టుకు వేలాడింది. అతను చూడకుండానే విదిలించాడు. ఆవిడ గోడకు కొట్టుకుని పడింది. మణికట్టు ఎండుపుల్లలా విరిగింది. అప్పుడు అరిచింది ఆవిడ. ఆ అరుపుకు సమ్మెట ఆగాడు.

చెట్టు కింద ఉన్నవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. కెమెరావాళ్ళు నలుగురు అతని మీద పడ్డారు. అతను పెనుగులాడలేదు. పోలీసులు స్టేషనులో చెయ్యవలసినంతా చేశారు. వీపు మీద లాఠీ వాతలు లెక్కపెట్టడానికి కూడా చోటు లేకుండా పోయింది. "ఎందుకు కొట్టావురా?" అంటే "వాడు కొడుతున్నాడు సార్" అన్నాడు. వంకలమ్మ మాత్రం ఆసుపత్రిలో అత్తింటివాళ్ళ ముందు "కాలు జారి పడ్డాను. అతను తలుపు పగలగొట్టి వచ్చి కొట్టాడు" అని చెప్పింది. వాటాల వరసలో కథ ఇంకోలా తిరిగింది. వంకలమ్మ మీది కోపంతో సమ్మెట ఆవిడను చంపబోయాడనీ, బంగారం లాంటి మొగుడు అడ్డమొచ్చి దెబ్బలు తిన్నాడనీ.

జైలుకు భార్య మొదటిసారి వచ్చినప్పుడు కమ్మీల అవతల నిలబడింది.

"ఆవిడ దగ్గరికి వెళ్ళాను" అంది.

"ఎందుకెళ్ళావు?"

"నువ్వు అబద్ధమాడవు కాబట్టి. వెళ్ళి, మేమంతా మిమ్మల్ని రోజూ తిట్టుకునేవాళ్ళం అమ్మా అని చెప్పేశాను. నవ్వింది. ఏడ్చింది. అన్నిళ్ళలోనూ ఆవిడ చూసింది ఒక్కటేనట. ఏ గదిలోంచి అరిస్తే ఎవరికి వినబడుతుంది, ఎటునుంచి పరుగెత్తొచ్చు అని. ఆ మాట కెమెరా ముందు ఎలా చెబుతుంది? అందుకే రంగు బాగోలేదంది."

మధ్యలో గోడ ఉంటే అమ్మ బతికేదని ఇన్నేళ్ళూ అనుకున్నాడు సమ్మెట. ఈవిడ గోడల మధ్యే దెబ్బలు తింది.

"నిజం చెబుతుందట కోర్టులో" అంది భార్య. "ఒక మాట నేనూ చెప్పాను. నా మొగుడు మీ చెయ్యి విరిచాడు, అదీ చెప్పండి, దాచొద్దు అని."

"అలా ఎందుకన్నావే?"

"విరిచావు కాబట్టి."

వంకలమ్మ అన్న మాట నిలబెట్టుకుంది. కట్టుకట్టిన చేత్తోనే బోనులో నిలబడి, పెళ్ళైన నాటినుంచీ పడ్డ దెబ్బలు చెప్పింది, సమ్మెట తనను విదిలించిన సంగతీ చెప్పింది. అతనికి శిక్ష తగ్గింది గానీ తప్పలేదు. ఆమె భర్త మీద వేరే కేసు నడిచింది. ఆవిడ ఆ కొత్త ఇంట్లో కాపురం పెట్టలేదు. బజారు వీధిలో, పగలూ రాత్రీ జనం తిరిగే రొట్టెల దుకాణం పైన, చిన్న గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉంటోందని తెలిసింది. అత్తగారు ఒకసారి వెళ్ళి చూసొచ్చి, "గోడల రంగు నిజంగానే బాగోలేదు. అయినా ఏమీ అనలేదు నేను" అని చెప్పింది.

సమ్మెట విడుదలయ్యేసరికి కుడిచేతి వేళ్ళు రెండు వంగడం మానేశాయి. మేస్త్రి అతన్ని రాళ్ళు మోసే బండి పనికి పెట్టాడు. వరసలో జనం ఇప్పుడు అతన్ని వీరుణ్ణి చేసి మాట్లాడేవాళ్ళు. కుర్రాళ్ళు ఎలా కొట్టాడో చెప్పమని అడిగేవాళ్ళు. వాళ్ళకేమీ చెప్పేవాడు కాదు.

ఒక ఆదివారం మేడమీద బట్టలు ఆరేస్తుంటే పెద్ద కూతురు అదే అడిగింది. "కొడుతున్నప్పుడు ఎలా అనిపించింది నాన్నా?"

అబద్ధం చెబుదామా అనుకున్నాడు. దుప్పటి నీళ్ళు పిండి, తీగ మీద పరిచాడు.

"హాయిగా అనిపించిందమ్మా. ఆవిడ చెయ్యి విరిగేదాకా" అన్నాడు.

అమ్మాయి అతని చేతులకేసి చూసింది. తరవాత బకెట్లోంచి ఇంకో దుప్పటి తీసి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస అతనికి అందించింది.