సగానికి కత్తిరించిన మీనింగుల నోటు

నా చిన్నప్పుడు నా కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. కూర్చుని చదవమంటే నాలుగు ముక్కలు చదివి గడప దాకా వెళ్ళి, ఊరికే వీధిలోకి తొంగిచూసి వచ్చేదాన్ని. దీని కాళ్ళకి చక్రాలున్నాయనేది మా అమ్మ. ఏడో తరగతిలో ఆ చక్రాలకు భయం కూడా కలిసింది. అర్ధ సంవత్సరం పరీక్షలో ఇంగ్లీషు తప్పాను. పెద్ద పరీక్షలోనూ తప్పితే బడి మాన్పించి అమ్మతో పాటు నాట్లకు పంపుతానని నాన్న అన్నం తింటూ, గొంతు పెంచకుండా చెప్పాడు. గొంతు పెంచకుండా చెప్పిన మాటను ఆయన ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు.

రామచంద్రపురం దగ్గర కాలవగట్టు ఊరు మాది. మా బళ్ళో ఇంగ్లీషు అంటే మీనింగుల నోటే. పేజీ మధ్యలో నిలువు గీత, ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అర్థం. ముందుకీ వెనక్కీ ఊగుతూ గట్టిగా వల్లె వేయాలి. నోటు మొత్తం నాకు కంఠతా వచ్చు. ఆ మాటతో సొంతంగా ఒక వాక్యం రాయమంటే మాత్రం కలం కదిలేది కాదు. తప్పింది అక్కడే.

మా పక్కింటి అక్క టీచరు ట్రైనింగ్ పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తూ, ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పేది. పరీక్షలు ఇంకో వారం ఉన్నాయనగా, అరుగు మీద నేను పెడుతున్న గోల విని వచ్చి నోటు తీసుకుంది. రెండు పేజీలు తిరగేసి, లోపలి నుంచి కత్తెర తెచ్చి, ఆ నిలువు గీత వెంబడే ప్రతి కాగితాన్నీ కత్తిరించేసింది. అర్థాలున్న ముక్కలన్నీ దారంతో కట్టి తన పెట్టెలో పెట్టుకుంది. నేను లబోదిబోమన్నాను.

"ఎలాగూ కూర్చోలేవు కదా, తిరుగు. రోజుకు ఐదు మాటలు. ఒక్కో మాటా మన వీధిలో ఎవరి దగ్గరుందో చూసొచ్చి నాకు చెప్పు," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా చేసేదేముంది, తిరిగాను. బోదె కాలవ మీద వేసిన తాటిదుంగ దాటుతుంటే ఎదురుగా గడ్డిమోపుతో ఒకామె వచ్చింది. ఇద్దరం పట్టక నేనే వెనక్కి అడుగులేశాను. నేరో అంటే, నోటులోని ఇరుకు అంటే, అదేనని నా పాదాలకు తెలిసింది. అలా ఒక్కొక్కటీ దొరుకుతూ వచ్చాయి. పరీక్ష ముందు రోజుకు మూడే మిగిలాయి. బారో, లెండ్, రెఫ్యూజ్. రెఫ్యూజ్ అంటే నిరాకరించు అని నాకు నోటికి వచ్చు. కానీ మా వీధిలో నిరాకరించు అనే మాట ఎవరి నోటా వినలేదు. దానికోసం ఎవరి మొహం చూడాలో తెలియక పొద్దుగూకేదాకా కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

ఆ సందెవేళే పిల్లి మా పెరుగు దుత్త దొర్లించింది. తోడు పెట్టడానికి చెంచాడు పెరుగు కూడా మిగల్లేదు. అమ్మ గిన్నె ఇచ్చి వీధి చివర మామ్మగారింటికి పంపింది. ఆవిడ మంచి మనిషి, ఎప్పుడు వెళ్ళినా ఒక జామకాయ చేతిలో పెట్టేది. ఆ రోజు మాత్రం గుమ్మంలోనే ఆగి, "దీపాలు పెట్టేశాం కదమ్మా, ఇప్పుడు పెరుగు ఇవ్వకూడదు. పొద్దున్నే రా, ఏమీ అనుకోకు," అంది, మెత్తగా.

ఖాళీ గిన్నెతో వీధిలో నిలబడ్డాను. మొహం వేడెక్కింది. రెఫ్యూజ్ అంటే ఇదేనని అప్పుడు తెలిసింది. దానికి కోపం అక్కర్లేదు, మంచివాళ్ళు కూడా మెత్తగా చేయగలరు. రేపు పరీక్ష తప్పాక బడికి వెళ్తానంటే మా నాన్న కూడా ఇంతే మెత్తగా కాదంటాడని తోచింది.

ఇంటికి పోకుండా అక్క దగ్గరికి పరుగెత్తి అంతా చెప్పాను. అక్క మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. నా చేతిలో గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళి తోడు వేసి తెచ్చింది.

"మా ఇంట్లో దీపాల పట్టింపు లేదులే. ఇప్పుడు చెప్పు, నువ్వేం చేశావు, నేనేం చేశాను?"

మిగిలిన రెండు మాటలూ చెప్పాను. చేబదులు తీసుకున్న నాది బారో, ఇచ్చిన అక్కది లెండ్.

మర్నాడు సొంత వాక్యాలకు అడిగిన మాటల్లో రెండు నాకు వీధిలో ఎదురైనవే. మామ్మగారిని, ఆవిడ దీపాన్ని, నా గిన్నెను కలిపి రాసేశాను. బొటాబొటీ మార్కులతో గట్టెక్కాను. నాన్న మార్కుల కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, నాట్ల మాట మళ్ళీ ఎత్తలేదు. అక్క పెట్టె తెరిచి ఆ కాగితం ముక్కల కట్ట ఇవ్వబోతే నాకొద్దన్నాను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మా మనవరాలు నేను కళ్ళజోడు వెతుక్కునేలోపే ఏ ఇంగ్లీషు మాటకైనా ఫోన్లో అర్థం చూసి చెప్పేస్తుంది. అది ఎవరి దగ్గర చూశావే అని అడుగుతాను. నవ్వేసి ఇంకో మాటకు వెళ్ళిపోతుంది. నాకు మనసు నిలవక లేచి గుమ్మం దాకా వెళ్ళి వస్తాను.

అత్తగారి కాలం నుంచీ మా ఇంట్లో కూడా దీపాల పట్టింపు ఉంది. కానీ సందెవేళ ఎవరి పిల్లైనా గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వస్తే, ఆ పిల్ల నోరు తెరిచి అడిగేదాకా నేను ఆగలేను. ముందే తోడు వేసి ఇచ్చేస్తాను.