దారికి అడ్డంగా టేకు మండ

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. గుట్ట మీద మలుపులో రోడ్డుకు అడ్డంగా ఉన్న టేకు మండను ఈడ్చి పక్కన పడేసింది నేనే.

ఊళ్లు తిరిగి, రైతులు ఏ పంట వేశారో రాసుకునే ఉద్యోగం నాది. నలుగురి ముందు నిలబడి మాట్లాడటం ఇప్పటికీ చేతకాదు. కారు విషయం వేరు. చండ్రుగొండ దాటాక తారు అయిపోయి ఎర్రమట్టి మొదలవగానే నా భుజాలు వాటంతటవే వదులవుతాయి. ఎక్కడ గేరు మార్చాలో, ఏ గుంతను ఎటునుంచి తప్పించాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. అది వానలు అప్పుడే తగ్గిన రోజు. రెండు వైపులా వెదురు వంగి కారు పైకప్పును రాసుకుంటోంది. ఒక్కో మలుపులో కింద లోయ కనిపించి మళ్ళీ చెట్ల వెనక్కి పోతోంది. పక్క సీట్లో అన్నం డబ్బా, సగం చదివిన నవల. సంత నుంచి గూడేనికి మనుషుల్ని తీసుకెళ్తున్న ఆటోను గుట్ట మొదట్లోనే దాటేశాను.

పై మలుపులో మండ కనిపించింది. గాలికి విరిగి పడిందనుకుని దిగి ఈడ్చేశాను. చేతులు దులుపుకుని బయలుదేరాను. మలుపు తిరగగానే రోడ్డు దిగుడు. దిగుడు చివర తూము కొట్టుకుపోయి మనిషి లోతు గండి. బ్రేకు తొక్కిన తొక్కుకు డబ్బా, పుస్తకం కిందపడ్డాయి. గండికి నాలుగడుగుల ముందు కారు ఆగింది.

ఆ మండ పడింది కాదు, ఎవరో వేసిందని అప్పుడు అర్థమైంది. వెనక ఆటో వస్తోంది. అంత బరువుతో దిగుడులోకి వస్తే ఆగదు.

తిప్పుకునే జాగా లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, లోయవైపు చక్రాన్ని చూసుకుంటూ మలుపు దాకా రివర్సులోనే ఎక్కించాను. మండను మళ్ళీ అడ్డంగా లాగేసరికి ఆటో వచ్చేసింది.

"ఏంది మేడం, గంత జల్దీ పోయి ఈడనే ఆగిన్రు?" అన్నాడు ఆటో అతను. అతనితోపాటు వెనకవాళ్ళు నవ్వారు.

"ముందు తూము లేదు" అన్నాను.

అతను నడిచి వెళ్ళి చూసొచ్చాడు. ఈసారి నవ్వలేదు. "మేడం మండ వెయ్యకుంటే అందరం గండిలనే ఉందుము" అని వెనకవాళ్ళకు చెప్పాడు. కాదని చెప్పాలి. చెప్పకుండా కారులో కిందపడ్డ డబ్బా, పుస్తకం ఏరి సీట్లో పెట్టాను.

ఆటోలోంచి గూడెం ముసలామె ఒకామె దిగి మండ చుట్టూ ఓసారి తిరిగింది. వంగి, నరికిన మొదలు పట్టుకుని, అది ఎడమవైపు చెట్లలోకి చూసేట్టు తిప్పి పెట్టింది. అటు పొదల మధ్య బండి పట్టేంత బాట ఉంది. తర్వాత నా దగ్గరికొచ్చి, నాకొక్కదానికే వినపడేలా అంది:

"మేం మండేస్తే నరికిన మొదలు పోవాల్సిన బాట దిక్కు ఉంటది బిడ్డా, నువ్వు లోయ దిక్కు పెట్టినవ్. తీసింది నువ్వేనని నాకెరుకైంది. గొడ్డలితోని నరికినదాన్ని గాలికి పడ్డదనుకున్నవా? వాళ్ళకు చెప్పన్లే. కారెక్కు, నేను ముందట కూసుంట, బాట చూపిస్త."