విఠల్ కథలో దొరకని కాగితం

నిన్న పొద్దున విఠల్ కొడుకు ఫోన్ చేశాడు. "కాకా, బాపు పోయిండు."

మొన్ననే నాతో చాయ్ తాగాడు.

మన ఊరి గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెడుతున్నారు. బాగుంది. ఆ మనిషికి "నో లాజిక్" అని పేరు పెట్టి నలభై ఏళ్లకు పైగా నవ్వింది కూడా మనమే.

డెబ్బైల చివరి మాట. నారాయణఖేడ్ టాకీసులో ఏ సస్పెన్స్ సినిమా ఆడినా, ఇంటర్వెల్లోనే హంతకుణ్ణి చెప్పేసి లాజిక్ తప్పులు ఏరేవాణ్ణి నేను. నాకున్న గొప్పంతా అదే.

విఠల్ ఏడాది కష్టపడి ఒక సస్పెన్స్ కథ రాశాడు. ఉర్దూ మీడియం వాడు, తెలుగు రాయడం, చదవడం రాదు. హైదరాబాద్‌లో ఒక డైరెక్టర్‌కి చూపించాలి, తెలుగులో రాసిపెట్టమని, రెండు భాషలూ వచ్చిన నాకిచ్చాడు.

బయట తాళం వేసిన ఇంట్లో శవం. తాళంచెవి శవం జేబులోనే. హంతకుడు తాళం జోలికే పోలేదు. గొళ్ళెం స్క్రూలు విప్పి, శవాన్ని లోపల పడేసి, మళ్ళీ బిగించాడు.

అదీ ట్విస్టు.

రెండు రోజులు వెతికాను. ఒక్క తప్పు దొరకలేదు. ఒళ్ళు మండిపోయింది.

గొళ్ళెం సంగతంతా ఒకే కాగితం మీద ఉంది. దాన్ని తీసి దాచేశాను. మిగతాదంతా నీట్‌గా రాసిచ్చాను.

డైరెక్టర్ ఆఫీసులో నలుగురి ముందు, మరి తలుపెట్లా తీశాడయ్యా అని నవ్వారట. రాశానని వీడు, లేదని వాళ్ళు. చివరికి కాగితాలు చేతిలో పెట్టి పంపేశారు.

ఇంటికొచ్చి ఉర్దూ కాగితాలన్నీ వెతికాడు. అందులోనూ లేదు. పొయ్యి రాజేయడానికి నువ్వే తీసుంటావని భార్య సుశీల మీద పడ్డాడు. ఆమె ముట్టలేదని ఏడుస్తూనే ఉంది.

నేను అక్కడే కూర్చుని చాయ్ తాగాను.

విఠల్ మళ్ళీ పెన్ను పట్టలేదు. ఆమెతో సరిగ్గా మాట్లాడనూ లేదు. మొన్నటి సిర్గాపూర్ పెళ్ళిలో కూడా, నా కథను పొయ్యిలో పెట్టిన మనిషి అని ఆమెను చూపించాడు. మనం నవ్వాం.

నిన్న శవం దగ్గర సుశీల నా చెయ్యి పట్టుకుంది.

"అన్నా, గా కాగితం నేను తియ్యలే. ఆయన నమ్మకుంటనే పోయిండు. నువ్వన్న నమ్ము."

నమ్ముతానన్నాను.

చెల్లే, తీసింది నేను. ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. నీ కొడుకుతో చదివించుకో.

ఓదార్పు కామెంట్లు ఎవరూ పెట్టకండి.

విఠల్, నీ కథలో తప్పు లేదురా. నువ్వు ప్రశాంతంగా పడుకో. నన్ను క్షమించే పని మాత్రం పెట్టుకోకు.